ఆరో గోడ మీద కత్తెర

శనివారం ఉదయానికి టైలరు వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. ఎనిమిదింటికి కొట్టు తెరవకుండా ఉండటం, తొమ్మిదింటికి మూడు రిసీవర్లనూ పరీక్షించడం, పన్నెండుకల్లా వాటిలో రెంటిని షాపులో తిరిగి ఇచ్చేయడం. మొదటిది అప్పుడే పూర్తయింది కూడా.

ఆయన ఇంట్లో కత్తిరింపు బల్ల మీద పదకొండు నెలలుగా ఒక విమానం ఉంటోంది. మూరన్నర పొడవు. తేలిక చెక్కతో పక్కటెముకలు చేసి, వాటి మీద సూటు లోపల వేసే బూడిదరంగు లైనింగు గుడ్డ బిగించి, వార్నిషు పూసి, కుట్టు ఎక్కడుందో దేవుడికి కూడా కనపడకుండా తయారుచేశాడు టైలరు. దీనికి ముందు ఇంకొకటి ఉండేది. అది ఎగిరిన మూడో నిమిషంలో లోపలి రిసీవర్ చెవిటిదైపోయింది. కింద నుంచి రిమోట్ ఎంత మొత్తుకున్నా వినిపించుకోకుండా విమానం నేరుగా వెళ్ళి నేలలో ముక్కు పాతుకుంది. ఆ రోజు టైలరు భార్య ఒకే ఒక్క మాట అంది. "ఇంకోటి పడితే, ఆ బల్ల మీద ఇక బట్టలే ఉంటాయి." ఆవిడ ఏ మాటా రెండోసారి అనదు. పందొమ్మిదేళ్ళ కాపురంలో ఆ అవసరం రాలేదు.

రేపు ఆదివారం ఈ కొత్త విమానం మొదటిసారి ఎగరాలి. మైదానంలో విమానాల క్లబ్బు సెక్రటరీ స్వయంగా దాని రిసీవర్‌ని పరీక్షించి, ఫరవాలేదనిపిస్తేనే ఎగరనిస్తాడు. పేరున్న కంపెనీ రిసీవర్ ఖరీదు నలభై చొక్కాల కుట్టుకూలి. అందుకని టైలరు చవకవాటిలో నికార్సైనదాన్ని ఏరుకుందామనుకున్నాడు. షాపతను మూడు రకాలు చూపించి, మూడింటి గురించీ మూడుసార్లు "ఇది చాలా మంచిదండీ" అన్నాడు. అంతకంటే వివరం అడిగితే, పన్నెండు దాకా మూడూ పట్టుకెళ్ళి మీరే చూసుకోండి అన్నాడు. అగ్గిపెట్టెలో సగం ఉన్న ఆ మూడు డబ్బీలూ ఒకేలా ఉండటంతో టైలరు తన సుద్ద బిళ్ళలతో వాటి మీద తెల్లచుక్క, పచ్చచుక్క, ఎర్రచుక్క పెట్టుకున్నాడు. ఎర్రది అన్నిటికంటే చవక.

పరీక్ష తేలికైనదే. రిమోట్ వెనక ఒక బటన్ నొక్కి పట్టుకుంటే అది అందే దూరం ముప్పయ్యో వంతుకి పడిపోతుంది. ఒకరు విమానం పట్టుకుని నిలబడాలి, ఒకరు రిమోట్‌తో అంగలు లెక్కపెట్టుకుంటూ దూరంగా నడవాలి. ఆ తగ్గిన బలంతో ముప్పై అంగల దాకా విమానం తోక చెప్పినట్టు ఆడిందంటే, పూర్తి బలంతో ఆకాశంలో దానికి భయం లేదు.

విమానం పట్టుకోవడానికి బావమరిది వచ్చాడు. భార్యకి తమ్ముడు. ఎవరేమడిగినా కాదనలేని మనిషి. టైలరు నిన్న సాయంత్రం రమ్మన్నాడు, వచ్చాడు. ఇంకెవరైనా ఇంకెక్కడికైనా ముందుగా రమ్మని ఉంటే అక్కడికే వెళ్ళి ఉండేవాడు.

సొంత వీధిలో ఈ పని పెట్టుకోవడం టైలరుకి ఇష్టం లేదు. అడుగడుగునా ఎవరో ఒకరు ఆపి, నా ప్యాంటు ఎందాకా వచ్చిందని అడుగుతారు. మొహమాటం మనిషి, జవాబు చెప్పలేక లెక్క తప్పుతాడు. అందుకని నాలుగు వీధుల అవతల, తనని ఎరగనివాళ్ళుండే ఒక తిన్నటి వీధిని ఎంచుకున్నాడు. ఒక వైపు పన్నెండు ఇళ్ళు, రెండో వైపు పొడుగాటి గోదాము గోడ. దారి పొడవునా గుద్దుకోకుండా ఉండాలని విమానం రెక్కలు ఊడదీసి గుడ్డ సంచిలో పెట్టారు. రెక్కలు లేకుండా చూస్తే అది విమానంలా లేదు. వెనకాల ఏదో పలక అటూ ఇటూ ఆడే పొడుగాటి పెట్టెలా ఉంది.

"తోక ఆడుతున్నంతసేపూ కదలకుండా నిలబడు. ఆగిపోయిందా, చెయ్యెత్తు. అంతే. అరవకు, నాకు లెక్క పోతుంది," అన్నాడు టైలరు.

"అలాగే బావా."

బావమరిదిని వీధి మొదట్లో నిలబెట్టి, తెల్లచుక్క రిసీవర్‌ని విమానంలో పెట్టి, టైలరు నడక మొదలుపెట్టాడు. ఒక చేతిలో యాంటెన్నా ఉన్న రిమోట్, ఇంకో చేతిలో సుద్ద, మెడలో కొలతల టేపు. టేపుతో అక్కడ పనేమీ లేదు. అది మెడలో లేకపోతే ఆయనకి చొక్కా వేసుకోనట్టు ఉంటుంది. ఒక్కో ఇంటి ముందు ఆగి, రిమోట్ మీది పుల్ల కదిపి, వెనక్కి తిరిగి చూశాడు. చెయ్యి లేవకపోతే ఆ ఇంటి గోడ మీద తెల్లగా టిక్కు పెట్టి ముందుకి సాగాడు. ఎనిమిది గోడలకి ఎనిమిది టిక్కులు. తొమ్మిదో ఇంటి దగ్గర దూరాన చెయ్యి లేచింది. టైలరు గోడ మీద ఇంటూ కొట్టి, దాని కింద ఒక కత్తెర బొమ్మ, కత్తెర పక్కన చుక్కల గీత గీశాడు. ఇరవై రెండేళ్ళుగా తెగవలసిన చోట ఆయన చెయ్యి ఆ బొమ్మే గీస్తోంది. గీసినట్టు ఆయనకి తెలియదు కూడా.

తొమ్మిదో ఇంటావిడ గేటు లోపల మొక్కలకి నీళ్ళు పడుతోంది. పైపు అలాగే పట్టుకుని బయటికొచ్చింది.

"మా గోడ మీద ఇదేంటి బాబూ?"

టైలరు సుద్దని వెనక్కి దాచుకున్నాడు. "గుర్తండీ. ఎనిమిదో ఇంటిదాకా ఏ ఇబ్బందీ లేదు. మీ ఇంటి దగ్గర నుంచే."

"అని ఎవరు చెప్పారు?"

"పరీక్షలో తేలిందండీ. రేపు పొద్దున్న పెద్దాయన వచ్చి స్వయంగా చూస్తారు. ఈలోపు మమ్మల్ని చూసుకోమన్నారు."

ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆవిడ టేపు వైపు చూసింది. యాంటెన్నా వైపు చూసింది. వీధి మొదట్లో ఏదో యంత్రాన్ని ఎత్తిపట్టుకుని, చెయ్యి పైకెత్తి నిలబడ్డ మనిషిని చూసింది. చివరికి తన గోడ మీది కత్తెరని చూసింది. రోడ్డు వెడల్పు చేయబోతున్నారని రెండేళ్ళుగా ఆ వీధిలో అనుకుంటున్నారు. ఆవిడ పైపుని అక్కడే వదిలేసి పదో ఇంటికి వెళ్ళింది. నీళ్ళు రోడ్డు మీదకి పారాయి. అవి మొదటి ఇంటికి చేరేలోపు వార్త చేరింది.

టైలరు మిగతా ఇళ్ళకి కూడా ఇంటూలు కొట్టి వెనక్కొచ్చాడు. పచ్చచుక్క రిసీవర్ పెట్టి మళ్ళీ బయల్దేరేసరికి ప్రతి గేటు దగ్గరా మనుషులున్నారు. అందరూ నమస్కారం పెట్టారు. మంచి వీధి అనుకున్నాడు టైలరు. పచ్చది ఐదో ఇంటిదాకే పనిచేసింది. ఆరో గోడ మీద పచ్చ కత్తెర పడింది.

ఆరో ఇల్లు వీధి సంఘం అధ్యక్షుడిది. ఆ ఇంటికి రోడ్డు మీదకి జరిగిన నాలుగు మెట్లున్నాయి, మెట్లకి అటూ ఇటూ సిమెంటు సింహాలున్నాయి. అధ్యక్షుడు బుర్రున్న మనిషి. తెల్లగుర్తు ప్రకారం ఎనిమిది ఇళ్ళు మిగులుతున్నాయి, పచ్చగుర్తు ప్రకారం ఐదే మిగులుతున్నాయి, ఆ మనిషి జేబులో ఎర్ర సుద్ద కూడా కనిపిస్తోంది. అంటే మున్సిపల్ ఆఫీసు దగ్గర మూడు పథకాలున్నాయని, మూడోది ఇంకా మొదలవ్వలేదని అక్కడికక్కడే తేల్చేశాడు. ఇంకో సంగతి కూడా కనిపెట్టాడు. అక్కడ చెయ్యి లేస్తేనే ఇక్కడ ఇంటూ పడుతోంది. కాబట్టి సుద్ద పట్టుకున్నవాడు ఉత్త గుమాస్తా. అధికారమంతా చెయ్యెత్తేవాడిది.

టైలరు ఆఖరి ఇంటి గుర్తు వేసేలోగా వీధి మొదట్లోకి కుర్చీ వచ్చింది, గొడుగు వచ్చింది, కాఫీ వచ్చింది, బిస్కెట్ల ప్లేటు వచ్చింది.

"ఎండలో నిలబడ్డారు. కూర్చోండి సార్," అన్నాడు అధ్యక్షుడు.

బావమరిదిని సార్ అన్నవాళ్ళు అప్పటిదాకా లేరు. "కూర్చుంటే మా బావ తిడతాడండీ," అన్నాడు. బావా బావమరుదులు ఒకే ఆఫీసులో ఉండటం ఆ వీధివాళ్ళకి వింతగా అనిపించలేదు.

"మీరు చెయ్యి ఎత్తకపోతే ఏమవుతుంది సార్?"

బావమరిది నిజాయితీగా ఆలోచించాడు. "ఏమీ అవదండీ."

"అయితే ఎత్తకండి."

"సరేనండీ."

ఎందుకని అతను అడగలేదు. అడుగుదామనుకునేలోపు రెండో ప్లేటు వచ్చింది.

ఎర్రచుక్క రిసీవర్‌తో టైలరు మూడోసారి నడిచాడు. మొదటి గోడ టిక్కు. రెండో గోడ టిక్కు. అక్కడ తోక ఆడటం ఆగిపోయింది. ఆ సంగతి బావమరిదికి తెలుసు, టైలరుకి తెలియదు. మూడు, నాలుగు, ఐదు. అధ్యక్షుడి గోడ. తొమ్మిదో ఇంటావిడ గోడ. పన్నెండో ఇంటి దగ్గర తిరిగి చూస్తే ఇంకా చెయ్యి లేవలేదు. నూట ముప్పై అంగలు. టైలరు ఎర్ర సుద్దతో పన్నెండో టిక్కు పెట్టాడు. షాపులో అన్నిటికంటే చవకదాన్ని తీసుకుని ప్రపంచంలో అన్నిటికంటే మంచిదాన్ని పట్టాడు. ఇంటికెళ్ళాక భార్యకి ఈ మాట ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగా చుట్టూ చప్పట్లు వినిపించాయి.

టైలరు ఇన్నాళ్ళూ విమానాల పిచ్చి బయటివాళ్ళకి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. తీరా చూస్తే నాలుగు వీధుల అవతలే ఇంతమంది రసికులున్నారు. అధ్యక్షుడు ఒక కాగితం తెచ్చి అందించాడు. మూడింటిలోనూ ఎర్రదానినే ఖాయం చేయవలసిందని వీధి వాసుల ఏకగ్రీవ విన్నపం. కింద పన్నెండు సంతకాలు.

"నా మనసులో ఉన్నదీ అదేనండీ," అన్నాడు టైలరు, కళ్ళు తుడుచుకుంటూ.

వాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. అంతటితో అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయి ఉంటే ఆ వీధిలో అంత సంతోషమైన రోజు మళ్ళీ వచ్చేది కాదు. కానీ టైలరు రెండోసారి కొలవకుండా ఏ గుడ్డనీ కత్తిరించిన మనిషి కాదు. ఎర్రదాన్ని ఇంకొక్కసారి చూసుకుంటానని, ఈసారి విమానం తను పట్టుకుని బావమరిదిని రిమోట్‌తో నడవమన్నాడు. బావమరిది కాఫీ కప్పు కింద పెట్టకుండానే బయల్దేరాడు. రెండో గేటు దాటీదాటగానే టైలరు చేతుల్లో తోక బిగుసుకుపోయింది.

"ఏరా, ఇందాక ఇక్కడ ఆగలేదా?"

"ఆగింది బావా."

"మరి చెయ్యి ఎత్తలేదేం?"

"ఎత్తొద్దన్నారు."

"ఎవరు?"

బావమరిది ఎవరో ఒక్కరిని చూపించలేక, కప్పున్న చేత్తో వీధి మొత్తాన్ని చూపించాడు.

రేపు పొద్దున్న టైలరు ఎర్రదానితోనే మైదానానికి వెళ్ళి ఉండేవాడు. సెక్రటరీ అక్కడే ఆపేస్తే అది అదృష్టం, ఆపకపోతే పదకొండు నెలలు నేలపాలు. ఆయన ఎర్రది పనికిరాదని, తెల్లదాన్నే ఖాయం చేస్తున్నానని అందరికీ వినయంగా చెప్పాడు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగిళ్ళవాళ్ళు ఒకేసారి మాట్లాడారు. ఏకగ్రీవంగా సంతకాలు పెట్టాక ఇలా మాట మార్చడానికి తెల్ల పథకం వాళ్ళ దగ్గర ఎంత తిన్నాడో చెప్పమన్నారు. రోడ్డు అనే మాట అప్పుడు మొట్టమొదటిసారిగా టైలరు చెవిన పడింది.

"ఏ రోడ్డండీ?" అన్నాడు.

చెప్పారు. ఆయన కూడా చెప్పాడు. ఇది బొమ్మ విమానమని, ఇవి దాని రిసీవర్లని, తను బట్టలు కుట్టుకునేవాడినని చెప్పాడు. చెబుతుంటే తనకే నమ్మబుద్ధి కాలేదు.

సార్ అన్న నోటితోనే అధ్యక్షుడు నువ్వు అన్నాడు. "విమానం ఎగరేసుకునేవాడివి నా గోడ మీద కత్తెర ఎందుకు గీశావు?"

"అలవాటండీ."

ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. టైలరు సంచిలోంచి రెక్కలు తీసి, రబ్బరు బ్యాండ్లతో కట్టి చూపించాడు. జనం కాస్త మెత్తబడ్డారు. అధ్యక్షుడు మెత్తబడలేదు. అయితే ఎగరేసి చూపించమన్నాడు. టైలరు తెల్లరిసీవర్ కోసం చెయ్యి చాపితే, తొమ్మిదో ఇంటావిడ తెల్లదాన్నీ పచ్చదాన్నీ కలిపి గుప్పిట్లో మూసుకుంది.

"ఎర్రది పెట్టి ఎగరెయ్యి," అన్నాడు అధ్యక్షుడు. "నువ్వు రోడ్డు ఆఫీసు మనిషివి కాకపోతే ఎర్రదానితో నీకేం నొప్పి?"

ఆ వాదనలో ఎక్కడా చిన్న చిల్లు కూడా కనపడలేదు టైలరుకి. చుట్టూ మనుషులు. వెళ్ళడానికి దారి లేదు. ఎర్రది రెండో గేటు దగ్గర, అంటే పన్నెండో అంగ దగ్గర చచ్చింది. పూర్తి బలంతో ముప్పై రెట్లు వేసుకుంటే మూడు వందల అరవై అంగలు. అది కూడా రిసీవర్ బుద్ధి పుడితే. వీధి దాటి పోనివ్వకుండా నెత్తి మీదే తిప్పుకోవాలి. సిగ్నల్ పోతే మోటారు దానంతటదే ఆగి, తోక తిన్నగా నిలిచేలా ఒక ఏర్పాటుంది. దాన్ని ఒకటికి మూడుసార్లు సరిచూసుకున్నాడు.

"బావా, అక్కకి తెలిస్తే..." అన్నాడు విమానాన్ని భుజం పైకెత్తిన బావమరిది.

"తర్వాత చెప్పు. విసురు."

విమానం లేచింది. లైనింగు గుడ్డలోంచి ఎండ దిగి, లోపలి పక్కటెముకలన్నీ లెక్కపెట్టేలా కనిపించాయి. టైలరు ఒక్క క్షణం అన్నీ మరచిపోయాడు. అనుకున్నదానికంటే తిన్నగా, అనుకున్నదానికంటే మెత్తగా వెళుతోంది. మరుక్షణం రిసీవర్ గుర్తొచ్చి గబుక్కున మలుపు తిప్పాడు. దూరం పోనివ్వకూడదు కాబట్టి చిన్న వలయంలో తిప్పడం మొదలుపెట్టాడు. ఆ వలయానికి నట్టనడుమ ఆరో ఇంటి డాబా ఉంది.

మొదటి చుట్టుకి జనం నోళ్ళు తెరిచారు. రెండో చుట్టుకి కొందరు అధ్యక్షుడి వైపు చూశారు. మూడో చుట్టుకి అందరూ చూశారు.

"మా ఇంటి మీదే ఎందుకు తిరుగుతోంది?" అన్నాడు అధ్యక్షుడు.

"ఇక్కడైతేనే బాగా అందుతుందండీ," అన్నాడు టైలరు ఆకాశం మీంచి కళ్ళు తిప్పకుండా.

నాలుగో చుట్టు. ఐదో చుట్టు. అధ్యక్షుడు చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఏడో చుట్టుకి ఆయన గొంతు మారింది.

"నా మెట్లు మూడున్నర అడుగులు రోడ్డు మీదకొచ్చాయి సార్. ఒప్పుకుంటున్నాను. దాన్ని ఇక ఆపించండి."

ఒకరు మొదలుపెడితే మిగతావాళ్ళకి ధైర్యం వస్తుంది. తొమ్మిదో ఇంటావిడ తన పూలమడి రెండడుగులు బయటికుందని చెప్పింది. పన్నెండో ఇంటాయన తన రేకుల షెడ్డు మొత్తం రోడ్డు మీదే ఉందని చెప్పాడు. ఆ మాట ఆయన పూర్తి చేస్తుండగానే విమానం గాలికి జరిగి ఆ రేకుల షెడ్డు వెనక్కి వెళ్ళింది, రిసీవర్ చెవులు మూసుకుంది. మోటారు చప్పుడు ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం టైలరు ఎప్పుడూ వినలేదు. రిమోట్ మీది పుల్లలు కదుపుతూనే ఉన్నాడు, అవి ఎవరితోనూ మాట్లాడటం లేదు. కళ్ళ ముందు కత్తిరింపు బల్ల మీద బట్టలు, బట్టలు, బట్టలే కనిపించాయి. విమానం షెడ్డు మీంచి జారుతూ వీధిలోకి వచ్చింది. నేలకి రెండు నిలువుల ఎత్తులో ఉండగా ఎర్రదానికి ఏం దయ కలిగిందో, తోక ఒక్కసారి కదిలింది. టైలరు ముక్కు పైకెత్తించాడు. చక్రాలు రోడ్డుకి తగిలాయి, గెంతాయి, మళ్ళీ తగిలాయి. విమానం తిన్నగా దొర్లుకుంటూ వచ్చి, సింహాల మధ్య ఆఖరి మెట్టుకి మూతి ఆనించి ఆగింది. ఫ్యాను రెక్క చివర గోరంత పెచ్చు లేచింది. అంతే నష్టం.

టైలరు పరుగున వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని రెండు చేతులా తడుముకున్నాడు. తర్వాత తలెత్తి, "చూశారా, ఉత్త విమానమేనండీ," అన్నాడు.

ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. అందరూ మెట్టు వైపు చూస్తున్నారు. పన్నెండిళ్ళలో ఏ మెట్టు హద్దు దాటిందో యంత్రం దానంతటదే వచ్చి వేలు పెట్టి చూపించింది. ఈ రోజుల్లో కొలతలు ఆకాశం నుంచే తీస్తున్నారని, తను ఎక్కడో చదివానని ఎవరో నెమ్మదిగా అన్నారు. అధ్యక్షుడు బరువుగా తలూపాడు. తొమ్మిదో ఇంటావిడ గుప్పిట తెరిచి, తెల్లదాన్నీ పచ్చదాన్నీ రెండు చేతులతో టైలరుకి అందించింది. వీధి చివరి దాకా అందరూ సాగనంపారు. టైలరు దారిలో మూడుసార్లు నిజం చెప్పాడు. మూడుసార్లూ వాళ్ళు, మాకు తెలుసు సార్, మీరు పైకి చెప్పకూడదు, అన్నారు.

పదకొండూ యాభైకి పచ్చదీ ఎర్రదీ షాపులో తిరిగి ఇచ్చాడు. ఎర్రది ఎలా ఉందని షాపతను అడిగితే, నాకు తప్ప అందరికీ నచ్చిందన్నాడు.

ఆదివారం పొద్దున్న సెక్రటరీ తెల్లదాన్ని నలభై అంగల దాకా పరీక్షించి, కాగితం మీద సంతకం పెట్టాడు. విమానం పద్నాలుగు నిమిషాలు ఎగిరి, బయల్దేరిన చోటే దిగింది. టైలరు భార్య ముక్కలు ఏరుకోవడానికని తెచ్చిన సంచిలో, తిరిగొస్తూ కూరగాయలు కొని వేసుకుంది. బల్ల గురించి ఏమీ అనలేదు.

సోమవారం నుంచి నాలుగు వీధుల అవతల సమ్మెట చప్పుళ్ళు వినిపించాయి. అధ్యక్షుడు ముందు నిలబడి తన మెట్లు తనే కొట్టించాడు. సింహాలు లోపలికి జరిగాయి, పూలమడి జరిగింది, రేకుల షెడ్డు పోయింది. వారం తిరిగేసరికి వీధి రెండు బళ్ళు పక్కపక్కన పోయేంత అయింది.

పదిహేనో రోజున మున్సిపల్ ఆఫీసు వాళ్ళు నిజంగానే వచ్చి, అనుమతి లేకుండా రోడ్డు వెడల్పు చేసినందుకు పన్నెండిళ్ళకీ నోటీసులిచ్చి వెళ్ళారు.